తొలి కాన్పు: ఇల్లంతా నేర్చుకోవలసిన పాఠం



సావనీర్‌కు ఏటా చదువు మీద వ్యాసం అడిగే సొసైటీ పెద్దలు ఈసారి తల్లీబిడ్డల మీద రాయమన్నారు. టీచరమ్మకు ఆసుపత్రి సంగతులెందుకని కొందరికి అనిపించవచ్చు. పదో తరగతిలో నా ఎదుట కూర్చున్న ఆడపిల్లలే నాలుగైదేళ్లు తిరిగేసరికి చంకలో బిడ్డతో బజార్లో ఎదురవుతారు. జీవశాస్త్రం పుస్తకంలో పునరుత్పత్తి అధ్యాయం ఉంది, బొమ్మలూ ఉన్నాయి. నడిరాత్రి నొప్పులు మొదలైతే ముందుగా ఎవరికి ఫోన్ చేయాలో మాత్రం అందులో లేదు. అది ఇంట్లో నేర్చుకోవలసిన పాఠం. ఆ ఇంట్లో అది తొలి కాన్పయితే, నేర్పేవాళ్లకు కూడా సగమే తెలిసి ఉంటుంది.

తొలిచూలు మిగతా కాన్పుల వంటిది కాదు. ఆ శరీరం ఇంతకుముందు ఈ బరువు మోయలేదు, కాబట్టి ఏది మామూలో ఏది ప్రమాదమో ఆ అమ్మాయికి అనుభవం లేదు. గర్భంతో వచ్చే రక్తపోటు జబ్బు తొలి గర్భంలోనే ఎక్కువగా కనబడుతుంది. నొప్పులు గట్టిగా పట్టుకున్నాక కూడా తొలి కాన్పుకు పన్నెండు గంటల దాకా పట్టడం సహజం. అంతకుముందు వచ్చి పోయే నొప్పులు అదనం. రెండో కాన్పు చూసిన కళ్లతో తొలి కాన్పును చూసేవాళ్లు "ఇంకా కాలేదా" అని కంగారు పడి, పిల్లను కంగారు పెడతారు.

మన ప్రాంతానికి మరో రెండు సంగతులు కలుస్తాయి. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల వైపు ఎన్నో ఇళ్లలో మగవాళ్లు గల్ఫ్‌లో ఉంటారు, ఆడవాళ్లు బీడీలు చుడతారు. భర్త దుబాయ్‌లోనో రియాద్‌లోనో ఉంటాడు. కడుపుతో ఉన్న అమ్మాయి చాటలో ఆకు, తంబాకు పెట్టుకుని వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయాలని వంగి కూర్చుంటుంది. పొగ తాగకపోయినా తంబాకు దుమ్ము ముక్కులోకి వెళ్తుంది, చేతి చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కడుపులో బిడ్డ బరువుకు అది మంచిది కాదు. బీడీలు మానేయమని చెప్పడం తేలిక. ఆ నెలల కూలి ఎవరిస్తారన్నది అసలు ప్రశ్న. ఆ ప్రశ్నను ఈ వ్యాసం చివరలో మీ ముందు పెడతాను.

ముందుగా ఎవరూ పట్టించుకోని ఒక చిక్కు చెబుతాను. మనలో తొలి కాన్పు తల్లిగారింట్లోనే. ఏడో నెలలో సత్వాసా చేసి, పూలు పెట్టి, ఒడి నింపి పంపుతారు. ముచ్చటైన ఆచారమే, అమ్మ చేతి వంటా అమ్మ పక్కన నిద్రా దక్కుతాయి. కానీ అదే ఏడో నెలలో ఆ అమ్మాయి ప్రభుత్వ లెక్కలో ఒక ఊరి నుంచి మాయమై ఇంకో ఊర్లో కనబడదు. అత్తగారి ఊరి ఆశా కార్యకర్త "పోయింది కదా" అనుకుంటుంది. తల్లిగారి ఊరి ఆశాకు ఆమె వచ్చినట్టే తెలియదు. తల్లీబిడ్డల కార్డు, స్కానింగు కాగితాలు అత్తగారింటి బీరువాలో ఉండిపోతాయి. సరిగ్గా ఏడో నెల దాటాకే రక్తపోటు పెరిగే ప్రమాదం ఎక్కువ. అంటే ఎక్కువ చూపు అవసరమైన నెలల్లోనే చూసే కన్ను లేకుండా పోతోంది. దీనికి మందు చాలా చిన్నది. సత్వాసా పళ్లెంలో గాజులు, మిఠాయి పక్కన ఆ కార్డు కూడా పెట్టి పంపండి. తల్లిగారింటికి చేరిన మర్నాడే అక్కడి ఆశాకు, ఏఎన్‌ఎంకు చెప్పి పేరు రాయించండి. ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు ఉంటాయి. ఆ తేదీని క్యాలెండర్‌లో గుండ్రంగా చుట్టి పెట్టండి.

రక్తపోటు అంటే ముసలివాళ్ల జబ్బని మనవాళ్ల నమ్మకం. ఇరవై ఏళ్ల గర్భిణికి 140/90 చూపిస్తే "ఆసుపత్రికి వచ్చి భయపడింది" అని తేల్చేస్తారు. భయం వల్ల కావచ్చు. కాకపోతే మాత్రం? తగ్గని తలనొప్పి, కళ్ల ముందు మసక లేదా మెరుపులు, ముఖం, చేతులు ఉబ్బడం, రొమ్ము కింద కడుపు పైభాగంలో నొప్పి, ఇవి కనబడితే తెల్లారేదాకా ఆగకూడదు. దీన్ని వదిలేస్తే ఫిట్స్ వస్తాయి. మన పెద్దలు గుర్రపువాతం అన్నది దాన్నే. ఆ ఫిట్స్‌ను గాలి, ధూళి అనుకుని తావీజు కోసం పరుగెత్తిన ఇళ్లు మన మధ్య ఉన్నాయి. దుఆ చేయవద్దని ఏ డాక్టరూ అనడు. ఆ దుఆ 108లో కూర్చుని చేయండి. రక్తం కనబడినా, ఉమ్మనీరు పోయినా, బిడ్డ కదలిక తగ్గినట్టు తల్లికి అనిపించినా అంతే. బిడ్డ కదలిక గురించి ఆ అమ్మాయి మాటే సాక్ష్యం, అత్త అనుభవం కాదు.

ఇక రక్తం సంగతి. 2019లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో గర్భిణుల్లో 53.2 శాతం మందికి రక్తహీనత ఉంది. అంటే సత్వాసాకు వచ్చిన ఇద్దరు గర్భిణుల్లో ఒకరికి. హిమోగ్లోబిన్ 11 కంటే తగ్గితే రక్తహీనత, 7 కంటే తగ్గితే ప్రాణాపాయం. రక్తం బాగా ఉన్న తల్లి కాన్పులో కొంత రక్తం పోయినా తట్టుకుంటుంది. లేని తల్లికి అదే నష్టం ఆఖరిదవుతుంది. ప్రభుత్వం 180 ఐరన్ మాత్రలు ఉచితంగా ఇస్తుంది, కాన్పయ్యాక మరో 180. ఇచ్చినవి ఇచ్చినట్టే బియ్యం డబ్బా వెనక ఉండటం నేను చాలా ఇళ్లలో చూశాను. "వేడి చేస్తుంది", "బిడ్డ నల్లగా పుడుతుంది", "కడుపులో తిప్పుతుంది" అంటారు. మొదటి రెండూ ఉత్త మాటలు. మూడోది నిజం. రాత్రి అన్నం తిన్నాక, పడుకునే ముందు వేసుకుంటే చాలామందికి తిప్పడం తగ్గుతుంది. విరేచనం నల్లగా వస్తే అది మాత్ర రంగే, కంగారు పడనక్కర్లేదు. కాల్షియం మాత్రను, ఐరన్ మాత్రను ఒకేసారి మింగకూడదు. అన్నిటికన్నా పెద్ద శత్రువు మన చాయ్. అన్నం మీద చాయ్ తాగితే తిన్న కూరలోని ఇనుము ఒంటికి పట్టదు. చాయ్ మానమనడం లేదు, అది మన ఇళ్లలో జరిగే పని కాదు. అన్నానికీ చాయ్‌కీ మధ్య గంటన్నా ఎడం ఉంచితే చాలు.

రక్తం గ్రూపు గురించి ఒక మాట, ఎందుకంటే ఇది తొలి కాన్పులోనే పట్టుకోవలసింది. తల్లి నెగెటివ్, బిడ్డ పాజిటివ్ అయితే తొలి బిడ్డకు సాధారణంగా ఏమీ కాదు. ఆ కాన్పులో బిడ్డ రక్తం తల్లి ఒంట్లో కలిసి, తల్లి శరీరం దానిపై శత్రుత్వం పెంచుకుంటుంది. దెబ్బ తగిలేది రెండో బిడ్డకు. కాన్పు జరిగిన 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ ఇస్తే ఆ ప్రమాదం తప్పుతుంది. గర్భం పోయినా ఇది వర్తిస్తుందని చాలామందికి తెలియదు. మేనరికాలు, దగ్గరి సంబంధాలు మనలో ఎక్కువ కాబట్టి తలసీమియా పరీక్ష కూడా తొలి నెలల్లోనే చేయించడం మంచిది.

తల్లులు ఎందుకు చనిపోతున్నారని పరిశోధించినవాళ్లు మూడు ఆలస్యాల గురించి చెప్పారు. బయల్దేరాలని నిర్ణయించడంలో ఆలస్యం, ఆసుపత్రికి చేరడంలో ఆలస్యం, చేరాక వైద్యం అందడంలో ఆలస్యం. మూడోది డాక్టర్ల చేతిలో, రెండోది కొంత ప్రభుత్వం చేతిలో ఉన్నాయి. మొదటిది పూర్తిగా మన గుమ్మం లోపలే ఉంది.

నా దగ్గర చదివిన ఒక అమ్మాయి సంగతి చెబుతాను. ఊరు, పేరు అక్కర్లేదు. తొమ్మిదో నెలలో ఒక రాత్రి ఉమ్మనీరు పోయింది. తల్లిగారిల్లు కొండగట్టు వైపు పల్లె. తల్లి "అత్తవాళ్లను అడగాలి" అంది. అత్త "నా కొడుకును అడగాలి" అంది. కొడుకు దుబాయ్‌లో రాత్రి డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ లాకర్‌లో ఉంది. అతను ఎత్తేసరికి ఫజర్ అజాన్ అయింది. ఏమడగాలో అడిగి, ఏ ఆసుపత్రో తేల్చుకుని, వాళ్లు బయల్దేరేసరికి పొద్దెక్కింది. అల్హందులిల్లాహ్, తల్లీ బిడ్డా దక్కారు, బిడ్డను కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచవలసి వచ్చింది. ఆ ఇంట్లో ఎవరూ చెడ్డవాళ్లు కాదు. ఒకరి మాట ఒకరు కాదనలేని మర్యాదస్తులు. ఆ మర్యాదకే ఆరు గంటలు పట్టింది. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ తన వైద్యానికి తానే సంతకం చేయవచ్చు. భర్త సంతకం లేనిదే చేర్చుకోరన్నది అపోహ. ఎనిమిదో నెలలోనే, భర్త ఫోన్‌లో ఉండగా, అందరూ కూర్చుని తేల్చుకోవలసినవి కొన్ని ఉన్నాయి: ఏ ఆసుపత్రి, ఏ బండి, తోడెవరు, రక్తం ఇచ్చేవాళ్లు ఇద్దరెవరు, డబ్బు ఎవరి దగ్గర. ఆ కాగితం తలుపు వెనక అంటించి ఉంటే రాత్రిపూట అనుమతుల కోసం చూడనక్కర్లేదు.

ఇప్పుడు ఆపరేషన్ సంగతి. ఈ విషయంలో మనది పేరు మోసిన ప్రాంతం. అదే సర్వేలో తెలంగాణలో 60.7 శాతం కాన్పులు ఆపరేషన్‌తో జరిగాయి, దేశం మొత్తం మీద అది 21.5 శాతం. రాష్ట్రంలోని ప్రైవేటు ఆసుపత్రుల్లో 81.5 శాతం, ప్రభుత్వ ఆసుపత్రుల్లో 44.5. జిల్లాల్లో కరీంనగర్ 82.4 శాతంతో దేశంలోనే పైన నిలిచింది. 2016 అక్టోబరులో జగిత్యాల, సిరిసిల్ల జిల్లాలు విడిపోయేదాకా మనం కూడా ఆ కరీంనగర్‌లోనివాళ్లమే. పది, పదిహేను శాతం దాటాక ఆపరేషన్లు పెరిగినంత మాత్రాన తల్లీబిడ్డల మరణాలు తగ్గవని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చెప్పింది.

తప్పంతా డాక్టర్ల మీద వేయడం నాకు ఇష్టం లేదు. ఆసుపత్రుల బిల్లులు ఒక కారణమే. కానీ వరండాలో నిలబడి "పిల్ల ఏడుస్తోంది, కోసేయండి డాక్టరమ్మా" అనేది మనవాళ్లే. మన పొరుగువాళ్లకు ముహూర్తం ఉంటుంది. మనకు ముహూర్తం లేదు గాని టికెట్ ఉంది. గల్ఫ్ నుంచి వచ్చిన భర్త తిరిగి వెళ్లే తేదీలోపు కాన్పు కావాలని ఆపరేషన్ అడిగిన ఇళ్లు నాకు తెలుసు. ఆ మనిషి బాధ అర్థమవుతుంది, బిడ్డ ముఖం చూడకుండా రెండేళ్లు ఎవరుంటారు? కానీ తొలి కాన్పు కోతతో మొదలైతే తర్వాతి కాన్పులు కూడా చాలావరకు కోతే. ప్రతి కోతతో గర్భసంచి మీద మచ్చ, మాయ ఆ మచ్చకు అతుక్కునే ప్రమాదం, రక్తం ఎక్కువ పోవడం పెరుగుతాయి. ముగ్గురు నలుగురు పిల్లలు కావాలనుకునే ఇళ్లు తొలి కాన్పు గురించే ఎక్కువ ఆలోచించాలి. అవసరమైనప్పుడు మాత్రం ఆపరేషనే ప్రాణం నిలుపుతుంది. బిడ్డ గుండె చప్పుడు తగ్గినప్పుడు, మాయ దారికి అడ్డం ఉన్నప్పుడు, బిడ్డ అడ్డం తిరిగినప్పుడు వద్దని మొండికేయడం ఇంకా పెద్ద ప్రమాదం. డాక్టరును అడగవలసిన ప్రశ్న ఒక్కటే: "ఎందుకు?" ఆ ప్రశ్నను ప్రశాంతంగా అడిగేవాళ్లు ఇంట్లో ఒకరుండాలి.

ఈ లెక్కను మార్చే ప్రయత్నం కూడా మన పక్కనే మొదలైంది. 2017లో కరీంనగర్ ప్రభుత్వ ఆసుపత్రిలో యూనిసెఫ్, హైదరాబాద్ ఫెర్నాండెజ్ ఆసుపత్రి తోడ్పాటుతో 30 మంది నర్సులకు మిడ్‌వైఫ్‌లుగా ఏడాదిన్నర శిక్షణ ప్రారంభించారు. వాళ్లు గర్భిణికి వ్యాయామాలు నేర్పుతారు, నొప్పుల్లో నడిపిస్తారు, పక్కన కూర్చుని ధైర్యం చెబుతారు. ఈ పని మనకు కొత్తగా అనిపించనక్కర్లేదు. దివ్య ఖుర్ఆన్‌లో హజ్రత్ మర్యమ్ (అ) ప్రసవ వేదన ఘట్టం చదివినవాళ్లకు తెలుసు, ఖర్జూర చెట్టు మొదట్లో ఒంటరిగా ఉన్న ఆ తల్లికి ముందుగా అందినవి ఓదార్పు, నీళ్లు, ఆహారం. నొప్పుల్లో ఉన్న అమ్మాయికి నీళ్లు కూడా ఇవ్వకుండా, అరవొద్దని కసురుతూ కూర్చునే బంధువులు ఆ ఘట్టాన్ని మరోసారి చదవాలి.

బిడ్డ పుట్టాక అజాన్ వినిపిస్తాం, తహ్నీక్ చేస్తాం. ఆ తర్వాత మొదలవుతాయి మన సొంత తెలివితేటలు. ముర్రుపాలు పచ్చగా ఉన్నాయని పిండి పారేసి తేనె, ఘుట్టీ, చక్కెర నీళ్లు పోస్తారు. తొలి గంటలోనే తల్లిపాలు పట్టిన బిడ్డలు మన రాష్ట్రంలో 37 శాతమే. ముర్రుపాలు బిడ్డకు తొలి టీకా వంటివి. తేనె ఏడాదిలోపు బిడ్డకు అసలు ఇవ్వకూడదు, అందులో ఉండే ఒక రకం క్రిమి పసివాళ్ల నరాలను చచ్చుబడేట్టు చేయగలదు. తహ్నీక్‌కు మెత్తగా చేసిన ఖర్జూరాన్ని శుభ్రమైన వేలితో అంగిలికి తాకించడం చాలు, అది కూడా డాక్టరును అడిగి. రెండేళ్లు పాలివ్వడం గురించి చెప్పిన ఖుర్ఆన్ వచనమే, ఆ తల్లి తిండి, బట్ట తండ్రి బాధ్యత అని కూడా చెప్పింది. మొదటి సగమే మనకు గుర్తుంటుంది.

చిల్లా నలభై రోజులూ తల్లిని గదిలో కూర్చోబెట్టి, నీళ్లు తగ్గించి, పత్యం పేరుతో కూరలు మాన్పిస్తారు. విశ్రాంతి మంచిది, పస్తు కాదు. అచ్వానీ తాగనివ్వండి, దానితో పాటు గుడ్డు, పప్పు, ఆకుకూర, మాంసం పెట్టండి. కాన్పు తర్వాత తొలి రోజు రక్తస్రావమే తల్లులను ఎక్కువగా పొట్టన పెట్టుకునేది. గుడ్డ వెంటవెంటనే తడిసిపోతున్నా, జ్వరం వచ్చినా, దుర్వాసన ఉన్నా చిల్లా గది దాటి ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా రెండు వారాలు దాటినా ఏడుస్తున్న బాలింతకు "నజర్ తగిలింది" అని మిరపకాయలు తిప్పితే సరిపోదు, డాక్టరుకు చూపాలి. రమజాన్‌లో గర్భిణికి, పాలిచ్చే తల్లికి తనకో బిడ్డకో హాని జరుగుతుందన్న భయముంటే రోజా తర్వాత పెట్టుకునే వెసులుబాటు ధర్మంలోనే ఉంది. "మేం ఉండలేదా" అని పోటీ పెట్టేది అత్తలు.

టీచరుగా ఒక పక్క మాట. అకీఖా నాడు పెట్టిన పేరును 21 రోజుల్లోపు జనన నమోదులో అదే అక్షరాలతో రాయించండి. ఒక కాగితంలో మహమ్మద్, ఇంకో కాగితంలో ఎండీ, ఆధార్‌లో మొహమ్మద్ ఉన్న పిల్లలు పదో తరగతి హాల్‌టికెట్ వేళ పడే తిప్పలు నేను ఏటా చూస్తున్నాను.

దాతలకు ఇందులో పనేమిటి? హైదరాబాద్ నీలోఫర్ ఆసుపత్రి పేరు తెలియనివాళ్లు లేరు. నిజాం కోడలు, పిల్లలు లేని నీలోఫర్ తన పరిచారిక కాన్పులో చనిపోవడం తట్టుకోలేక పట్టుబట్టి కట్టించిన ఆసుపత్రి అది, 1953లో ప్రారంభమైంది. అంతటి భవనం మన సొసైటీ కట్టలేదు, ఇప్పుడు అవసరం కూడా లేదు. జగిత్యాలలో, సిరిసిల్లలో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. అంగన్‌వాడీలో 2015 నుంచి గర్భిణికి పూట భోజనం, గుడ్డు, పాలు ఇస్తున్నారు. తెలంగాణలో లక్ష కాన్పులకు తల్లుల మరణాలు 2014–16లో 81 ఉంటే 2018–20 నాటికి 43కు తగ్గాయి. ప్రభుత్వం చేసింది చిన్న పని కాదు. కానీ ఏ పథకం డబ్బూ నొప్పుల రాత్రికి చేతిలో ఉండదు, ఏ పథకమూ బీడీల కూలి నష్టాన్ని పూడ్చదు.

ఆ ఖాళీలోనే మన పని ఉంది. గుడ్డు 7 రూపాయలనుకున్నా, రోజుకొకటి చొప్పున 180 రోజులకు 1260 రూపాయలు. అకీఖా సున్నతే, చేయగలిగినవాళ్లు చేయాలి. కానీ ఐదు వందల మంది దావత్‌కు బదులు యాభై మందితో ముగించి, మిగిలిన డబ్బుతో ఎంతమంది తల్లులకు గుడ్లు అందుతాయో లెక్క వేయడానికి నా లెక్కల పిరియడ్ అక్కర్లేదు. బీడీలు చుట్టే తొలిచూలు అమ్మాయికి ఆఖరి మూడు నెలలు కూలికి బదులు సాయం ఇవ్వండి. అది జకాత్ నుంచి ఇవ్వవచ్చా, సదఖా నుంచా అన్నది ఆలిమ్‌లను అడిగి తేల్చుకుందాం. ప్రతి మొహల్లాలో రాత్రి పిలిస్తే వచ్చే ఒక ఆటో, దానికి సొసైటీ నుంచి నెలవారీ కొంత. రక్తం ఇచ్చే యువకుల పేర్లు, గ్రూపులు, ఫోన్ నంబర్లతో మస్జిద్ నోటీసు బోర్డు మీద ఒక జాబితా. భర్త దగ్గర లేని అమ్మాయిలతో ఆసుపత్రికి వెళ్లి కాగితాలు చదివి, "ఎందుకు?" అని అడగగలిగే చదువుకున్న స్త్రీలు పదిమంది.

ఆ పదిమందిలో ముగ్గురు ఇప్పటికే ఒప్పుకున్నారు. ముగ్గురూ మన బడిలో చదివినవాళ్లే, ఒకామె నర్సింగ్ చేసింది. మిగిలిన ఏడుగురి పేర్లు, ఆటో ఖర్చు భరించే దాతల పేర్లు జుమా నమాజు తర్వాత సొసైటీ కార్యాలయంలో రాసుకుంటారు.